మా మామ గడ్డానికి నురుగు

మా మామ చేతులు వణకడం మొదలైన ఏడాదికి ఆయన గడ్డం గీసే పని నా మీద పడింది. మొదట కుడిచేయి వణికింది. చాయ్ గ్లాసు నోటిదాకా పోయేలోపు సగం చాయ్ చొక్కా మీద పడేది. తర్వాత తల కూడా, ఎవరో అడిగినదానికి కాదు కాదు అంటున్నట్టు, సన్నగా ఊగసాగింది. దవాఖానలో చూసి, ఇది పూర్తిగా పోయేది కాదు, మందులు వాడుతూ ఉండాలి అన్నారు. అప్పటికే ఆయన గుండెకు స్టెంటు పడింది. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వేసుకుంటున్నాడు. ఆ మాత్రలు వేసుకునే మనిషికి చిన్న గాటు పడినా రక్తం ఓ పట్టాన ఆగదు. అయినా ఆయన రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి, ఎడమచేత్తో కుడి మణికట్టును గట్టిగా పట్టుకుని, గడ్డం గీసుకునేవాడు.

ఒకరోజు బాత్రూంలోంచి బయటికి వచ్చేసరికి మెడ మీది తువ్వాల సగం ఎర్రగా ఉంది. ఆయనకు తెలియనే తెలియదు. మా ఆయన నైట్ షిఫ్టు చేసి అప్పుడే ఇంటికి వచ్చాడు. తండ్రి దవడ కింద గుడ్డ అదిమిపెట్టి కూర్చున్నాడు. రక్తం ఆగాక లేచి, రేజరు, బ్లేడ్లు తీసి బీరువా మీద ముసలాయనకు అందనంత ఎత్తున పెట్టేశాడు.

దానికి కొన్ని నెలల ముందే నేను ల్యాబు మానేశాను. గోదావరిఖనిలో ఒక ప్రైవేటు ల్యాబులో రక్తం తీసే పని నాది. పెళ్ళికి ముందునుంచీ చేస్తున్నాను. మా అత్త పోయి చాలా కాలమైంది. పాప గురుకులంలో చదువుతోంది. మా ఆయన ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ లారీ నడుపుతాడు. ఒక వారం పొద్దున షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. మామ అప్పటికే ఒకసారి జారిపడ్డాడు. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి అనుకున్నాం. ఆ ఒకరు ఎవరని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మాది సెంటినరీ కాలనీలో కంపెనీ క్వార్టరు. రెండు గదులు, వంటిల్లు, వెనక కొంచెం జాగా. బొగ్గు దుమ్ముకు కిటికీలు వేసే ఉంచుతాం. ఉతికిన బట్టలు కూడా లోపలే ఆరేస్తాం. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ చేసే ముందు సైరన్ మోగుతుంది, ఆ తర్వాత కిటికీ అద్దాలు గలగలమంటాయి. అది తప్పిస్తే పగలంతా టీవీ చప్పుడే. అయితే మొదట్లో నాకొక వెసులుబాటు ఉండేది. మామ పొద్దున గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, కర్ర పట్టుకుని బస్టాపు దగ్గర చాయ్ హోటల్‌కు పోయేవాడు. ఆయనతోపాటు రిటైరైన వాళ్ళంతా అక్కడ కూర్చునేవారు. ఎండ ఎక్కేదాకా వచ్చేవాడు కాదు. ఆ కాసేపు ఇల్లు నాది. పెద్దగా చేసేదేమీ ఉండేది కాదు. టీవీ ఆపి, నేల మీద వెల్లకిలా పడుకునేదాన్ని. అంతే.

రేజరు బీరువా ఎక్కాక ఆ కాసేపు కూడా పోయింది. మా ఆయన మిషన్ తెచ్చి ఇచ్చాడు, కరెంటుతో నడిచేది. అది ఎంత దగ్గరగా తిప్పినా కొంచెం గరుకు మిగిలేది. మామ అరచేత్తో చెంప తడుముకుని దాన్ని పక్కన పెట్టేశాడు. ఒక మంగలాయన్ని ఇంటికి పిలిచాం. ఆయన డబ్బాలోంచి నురుగు పుసుక్కున కొట్టి, హడావిడిగా రెండు గీతలు గీశాడు. ఊగే తల, ఆగని రక్తం సంగతి విని భయపడ్డాడు. ఆ తర్వాత పిలిస్తే రాలేదు. తెల్ల గడ్డం పెరిగింది. మామ బయటికి పోవడం మానేశాడు. హోటల్ దగ్గరి దోస్తులు ఇద్దరు వచ్చి పిలిస్తే, ఒంట్లో బాగాలేదని లోపలినుంచే చెప్పించాడు. పొద్దంతా కుర్చీలో కూర్చుని చెంప మీద అరచేయి ఆనించి ఉంచేవాడు. ఒక గదిలో ఆయన, ఒక గదిలో నేను. వంటింట్లోకి పోవాలంటే ఆయన ముందునుంచే పోవాలి. నేను కనిపించినప్పుడల్లా ఆయన చూపు పక్కకు తిప్పుకునేవాడు. ఆయన్ని చూసి నేను కొంగు సర్దుకునేదాన్ని. మా ఇళ్ళలో కోడలు మామ ఎదురుగా కూర్చోవడమే తక్కువ.

ఆయన మీద జాలితో మొదలుపెట్టానని అందరూ అనుకుంటారు. జాలి లేదని కాదు. కానీ నాకు ముందు కావలసింది ఆయన పొద్దున ఇంట్లోంచి బయటికి పోవడం. అందుకే ఒకరోజు స్టూలు ఎక్కి రేజరు దించాను. నేను గీస్తానని చెప్పాను.

ఆయన చెంప మీది చేయి తీసి, "నువ్వా బిడ్డా? నలుగురు ఏమనుకుంటరు?" అన్నాడు.

"నలుగురెక్కడున్నరు మామా? మనిద్దరమే ఉన్నం గద."

ఆ మాట అనేదాకా అది ఎంత నిజమో నాకే తెలియలేదు. ఆయన వేసి ఉన్న కిటికీ వైపు చూశాడు. ఒక్కటే షరతు పెట్టాడు. "నురుగు మాత్రం మంచిగ రావాలె. నురుగు రాకుంటె నేను కూసోను."

వేలమంది చేతులు పట్టుకున్నదాన్ని. నరం దొరకని వాళ్ళకు నరం వెతికినదాన్ని. నురుగు ఎంతలే అనుకున్నాను. ఆయన సామాను ఒక పాత రేకు డబ్బాలో ఉంది. గుండ్రటి గడ్డం సబ్బు, అరిగిన బ్రష్షు. స్టీలు గిన్నెలో బకెట్ నీళ్ళు పోసి, బ్రష్షు ముంచి, సబ్బు మీద గిరగిరా తిప్పాను. గిన్నె నిండా బుడగలు లేచాయి. తీసుకెళ్ళి చెంపకు పూస్తుంటే చెవి పక్కనుంచి మెడ మీదికి కారిపోయాయి. ఆయన తువ్వాలతో తుడుచుకుని, ఇవి బట్టలు ఉతికిన నీళ్ళు అన్నాడు. లేచి పోయాడు.

మర్నాడు నీళ్ళు తక్కువ వేశాను. అది సున్నంలా గట్టిపడి, ఇటు చెంపకు రాసేలోపు అటు చెంప మీద ఎండిపోయింది. మళ్ళీ లేచి పోయాడు. ఎట్లా చేయాలో చెప్పమంటే, చేయడమే గాని చెప్పడం తనకు రాదన్నాడు. ఎన్నో ఏళ్ళుగా ఆయన చేయి తనంతట తాను చేసిన పని అది. మాటల్లో పెట్టవలసిన అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు.

పట్టుదల వచ్చింది నాకు. మధ్యాహ్నాలు ఎలాగూ వేరే పనిలేదు. వంటింట్లో కూర్చుని నా ముంజేతి మీదే పూసుకుని చూసేదాన్ని. కొన్ని రోజులకు ఒక సంగతి తట్టింది. మేము బకెట్లలో పట్టేది బోరు నీళ్ళు. ఆ నీళ్ళతో పప్పు కూడా సరిగ్గా ఉడకదు, కుళాయి చుట్టూ తెల్లగా పేరుకుంటుంది. ఆ రోజు తాగే నీళ్ళ క్యాను నుంచి ఒక గ్లాసు వంచి గోరువెచ్చగా కాచాను. బ్రష్షును అందులో కాసేపు నాననిచ్చాను. కుచ్చు మెత్తబడ్డాక నీళ్ళు కారిపోయేలా విదిలించి, తడి మాత్రమే మిగిలిన కుచ్చుతో సబ్బు మీద నెమ్మదిగా తిప్పాను. తొందరపడలేదు. ముందు జిగురుగా, పేస్టులా పట్టింది. దాన్ని గిన్నెలోకి మార్చి, వేలితో నాలుగు చుక్కలు చిలకరించి తిప్పాను. మళ్ళీ చిలకరించి మళ్ళీ తిప్పాను. బుడగలు ఒక్కటొక్కటే మాయమయ్యాయి. చప్పుడు కూడా మారింది. మొదట చిటపటలాడింది, తర్వాత ఏ చప్పుడూ లేకుండా పోయింది. గిన్నె వంచితే జారలేదు. పాల మీది మీగడలా మెరిసింది.

పొద్దున అలాగే చేసి తీసుకెళ్ళాను. వేడినీళ్ళలో పిండిన తువ్వాల ఆయన చెంపలకు చుట్టి, తీసి, బ్రష్షు పెట్టాను. నా చేయి ఆయన ముఖానికి తగలడం అదే మొదలు. బ్రష్షు గుండ్రంగా తిరుగుతుంటే ఆయన కళ్ళు మూసుకున్నాడు. తల ఊగడం తగ్గలేదు గాని, ఎటు ఊగుతుందో నా ఎడమచేతికి తెలిసింది. నుదురు పట్టుకుని, అది ఇటు వచ్చినప్పుడే ఒక గీత గీసేదాన్ని. ఒక్క గాటు కూడా పడలేదు. నురుగు తుడిచాక దవడ పొడుగునా నీలంగా, చుక్కలు చుక్కలుగా మచ్చలు కనిపించాయి. గాయాల్లో బొగ్గు నలుసులు ఉండిపోయి, పైన చర్మం మూసుకున్న మచ్చలవి. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి వాటిని నేను చూడలేదు.

అరచేత్తో రెండు చెంపలూ తడుముకుని, "మంచిగున్నది" అన్నాడు. చొక్కా వేసుకుని, కర్ర తీసుకుని హోటల్‌కు పోయాడు. నేను టీవీ ఆపి నేల మీద పడుకున్నాను.

అలా రోజూ సాగింది. ఒక పొద్దున, నురుగు పూస్తుండగా, ఆ నీలం మచ్చల సంగతి అడిగాను. ఎప్పుడో తాను బొగ్గు బావిలో, భూమి లోపల పనిచేసేటప్పుడు పైకప్పు కూలిందని చెప్పాడు. ఆయనా, ఇంకో ఇద్దరూ అవతల చిక్కుకున్నారు. దీపాలు ఒకటి తర్వాత ఒకటి ఆరిపోయాయి. ఎంతసేపైందో ఎవరికీ తెలియడం లేదు. ఒకాయన షిఫ్టు ఇంకా అయిపోలేదు అంటాడు, ఇంకొకాయన తెల్లారిపోయింది అంటాడు. మామ చీకట్లో తన చెంప తడుముకున్నాడట. డ్యూటీకి పోయేముందు గీసుకున్న గడ్డం గరుకుగా తగిలింది. మళ్ళీ కాసేపటికి తడిమితే ఇంకా గరుకు. అప్పుడు అర్థమైందట, చాలాసేపైంది, ఎవరూ రావడం లేదు అని. మిగతా ఇద్దరికీ ఆ మాట చెప్పలేదు. చివరికి వాళ్ళను బయటికి తీశారు. ముగ్గురూ బతికారు.

"అప్పటిసంది చెంపకు గరుకు తగిల్తె నాకు గాలాడది బిడ్డా," అన్నాడు. "మీ అత్తకు గూడ చెప్పలే."

నురుగు ఆరిపోతుంటే మళ్ళీ తడిచేసి పూశాను. గడ్డం పెరిగిన ఆ రోజుల్లో ఆయన పొద్దంతా చెంప మీద చేయి వేసుకుని ఎక్కడ కూర్చున్నాడో అప్పుడు తెలిసింది.

తెలిశాక ఒక్కరోజు కూడా మానలేకపోయాను. జ్వరం వచ్చినా లేచాను. ఇరుగుపొరుగుకు తెలిసింది. మా పక్క క్వార్టరు అక్క, కోడలంటే గిట్లుండాలె అని నలుగురిలో అన్నది. మా ఆయన క్యాంటీన్‌లో చెప్పుకున్నాడు. పెద్దపల్లి నుంచి వచ్చిన మా ఆడబిడ్డ తండ్రి నున్నటి చెంపలు చూసి కళ్ళు తుడుచుకుని, నా రెండు చేతులూ పట్టుకుంది, సాయంత్రం బస్సెక్కి పోయింది. మెచ్చుకున్న ప్రతిసారీ నాకు తలుపు గడియ పడ్డట్టు ఉండేది. ఇది నాకు రాకపోయి ఉంటే ఇంకేదో దారి వెతికేవాళ్ళు. నాకు వచ్చింది, కాబట్టి నాదే అయింది.

ఆ రోజుల్లోనే ల్యాబు ఆయన ఫోన్ చేశాడు. కొత్తగా వచ్చిన అమ్మాయి పెళ్ళై వెళ్ళిపోయిందని, పరగడుపు రక్తాలు తీయడానికి పొద్దున పూట వస్తే చాలునని అన్నాడు. మా ఆయనతో చెప్పాను. ఆయన వద్దు అనలేదు. అన్నం తింటూ, "నీ లెక్క ఎవరు గీస్తరు? బాపు ఇంకోలను ముట్టనియ్యడు" అన్నాడు. నన్ను పొగుడుతున్నాననే అనుకున్నాడు. నువ్వు నేర్చుకోవచ్చు కదా అన్నాను. నవ్వి, ఆ చేయి నీదే అన్నాడు. ల్యాబు ఆయనకు ఏమీ చెప్పకుండా రోజులు జరిపాను.

ఇంతలో గోలేటిలో మా అమ్మకు కంటి ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది. మా ఆయనది మధ్యాహ్నం షిఫ్టు వారం. పొద్దుటిపూట ఇంట్లోనే ఉంటాడు. నీళ్ళు ఎంత వేడి, బ్రష్షు ఎంతసేపు నానాలి, సబ్బు ఎప్పుడు గిన్నెలోకి తీయాలి, అన్నీ చేసి చూపించాను. సరే సరే అన్నాడు. మా అమ్మ కంటి పట్టీ తీసినంక ఒకరోజు ఉండి తిరిగి వచ్చాను.

తలుపు తీసేసరికి మామ కుర్చీలో ఉన్నాడు. గడ్డం తెల్లగా పెరిగి ఉంది. అరచేయి చెంప మీదే ఉంది. మా ఆయన మంచం మీద ఫోన్ చూసుకుంటున్నాడు. అడిగితే, బాపు కూర్చోలేదు అన్నాడు. మామను అడిగితే, వాడు రమ్మనలేదు అన్నాడు. ఇద్దరి మధ్య గిన్నె, బ్రష్షు నేను పెట్టి పోయినచోటే ఉన్నాయి. నేను వస్తానని ఇద్దరూ ఎదురుచూశారు.

సంచి భుజం మీదే ఉంది. చీర మార్చుకోలేదు. నీళ్ళు కాచి, కూర్చుని బ్రష్షు తిప్పడం మొదలుపెట్టాను. ఎంత తిప్పినా బుడగలే లేచాయి. చూస్తే నా చేయి వణుకుతోంది. కోపంతో. ఈ చేత్తో బ్లేడు పట్టుకోకూడదని తెలిసింది. లేచి గిన్నెను తీసుకెళ్ళి మామ ఒడిలో పెట్టాను.

"ఇయ్యాల నాతోని కాదు మామా" అన్నాను. "రేపటిసంది పొద్దుగాల నేను ల్యాబుకు పోత."

టీవీలో ఏదో ప్రకటన వస్తోంది. మా ఆయన ఫోన్ పక్కన పెట్టి లేచి కూర్చున్నాడు. మామ నా ముఖం వైపు చూశాడు. ఈసారి చూపు తిప్పుకోలేదు. గిన్నెను మోకాళ్ళ మధ్య ఇరికించి, బ్రష్షు తీసుకున్నాడు. ఆయన చేయి ఎప్పటిలాగే వణికింది. ఆ వణుకుకు బ్రష్షు గిన్నెలో తనంతట తానే కొట్టుకుంటోంది, ఆపకుండా, ఒకే తీరుగా. ఆయన దాన్ని తిప్పనక్కర లేకపోయింది. అలా పట్టుకుని కూర్చున్నాడు. నేను వంగి నాలుగు చుక్కలు చిలకరించాను. కాసేపటికి గిన్నె నిండింది. నేను చేసినదానికంటే మెత్తగా ఉంది. రేజరు పట్టలేని చేయి నురుగు చేయగలదని మాలో ఎవరికీ తోచలేదు. గిన్నె, బ్రష్షు ఎప్పుడూ నా చేతిలోనే ఉండేవి మరి.

రేజరు మా ఆయన ముందు పెట్టాను. ఆయన పట్టుకుని నిలబడ్డాడు గాని దగ్గరికి పోలేదు. రక్తం ఆపిన ఆ ఒక్కరోజు తప్ప చిన్నప్పటినుంచీ తండ్రి ముఖం ముట్టింది లేదని, గాటు పడితే రక్తం ఆగదని గొణిగాడు. అతని ముఖం చూస్తే నాకు కోపం సగం తగ్గింది. ఇన్నాళ్ళూ బద్ధకం అనుకున్నాను. అది భయం.

మామే అన్నాడు: "గంత పెద్ద డంపర్ తోల్తవు గదరా. నా చెంప మీద గింత బ్లేడు తోలరాదా?"

మా ఆయన తండ్రి ముందు గొంతుక్కూర్చున్నాడు. నేను నుదురు ఎలా పట్టాలో చూపించి వెనక్కి జరిగాను. చాలాసేపు పట్టింది. మధ్యలో నురుగు ఆరిపోతే మామ మళ్ళీ చేసి ఇచ్చాడు. చెవి కింద ఒక పట్టె మిగిలిపోయింది, గడ్డం కింద చిన్న గాటు పడింది. నేను దూది అదిమి పట్టుకున్నాను. మామ చెంప తడుముకుంటూ ఆ మిగిలిన పట్టె దగ్గర వేలు ఆపాడు. తర్వాత చేయి దించేశాడు. మర్నాడు నేను ఆరు గంటల బస్సుకు పోయాను.

ఇదంతా చక్కబడిందని చెప్పను. మధ్యాహ్నం షిఫ్టు వారంలోనే నేను పోగలుగుతున్నాను. పొద్దున షిఫ్టు వారంలో మా ఆయన చీకట్లోనే డ్యూటీకి పోతాడు. రాత్రి షిఫ్టు వారంలో ఇంటికి వచ్చి శవంలా పడి నిద్రపోతాడు, మామ పడిపోయినా లేవడు. ల్యాబు ఆయన కొన్నాళ్ళు ఓర్చుకుని ఇంకో అమ్మాయిని పెట్టుకున్నాడు. ఆమె రాని రోజుల్లో, నా వారం కలిస్తే, నన్ను పిలుస్తాడు. మిగతా రోజులు కిటికీలు వేసిన గదుల్లో మామా నేనూ. పొద్దున ఆయన నురుగు చేస్తాడు, నేను గీస్తాను. ఆయన పోగానే నేల మీద పడుకుంటాను. ఈ మధ్య ఆ కాసేపు కూడా తగ్గుతోంది. హోటల్ దాకా నడవడం ఆయనకు కష్టమవుతోంది, తొందరగా వచ్చేస్తున్నాడు.

ల్యాబుకు పోయిన రోజు మాత్రం, నేను చెప్పులు విడుస్తుండగానే కుర్చీలోంచి అడుగుతాడు, ఇయ్యాల ఎవరెవరు వచ్చిండ్రు అని. సూది చూసి ఏడ్చిన ముసలామె గురించి, నరం దొరకని డ్రైవరు గురించి చెబుతాను. ఆయన టీవీ ఆపి వింటాడు. ల్యాబు గోడల రంగు ఏంది, కిటికీలోంచి ఏం కనపడతది అని కూడా అడుగుతాడు. మెయిన్ రోడ్డు కనబడుతుందని, బస్సులు పోతుంటాయని చెబుతాను.